సభ్యుల పట్టీ: తెలంగాణ గ్రంథాలయ చరిత్రలో నొక ప్రకరణము

రజతోత్సవ సంచికకై చరిత్ర విషయకమగు వ్యాసమొకటి వ్రాసి యీయవలసినదని సంపాదకవర్గమువారు నన్ను కోరినప్పుడు, వేములవాడ చాళుక్యులను గూర్చియో, కురిక్యాల చెంతనున్న బొమ్మలమ్మ గుట్టపై పంపకవి సోదరుడగు జినవల్లభుడు చెక్కించిన కంద పద్యములను గూర్చియో వ్రాయుదునని వా రూహించి యుందురు. క్రీ. శ. 945 ప్రాంతపు ఆ పద్యములు మన పొలిమేరకు కొలది క్రోసుల దూరమున నుండుట మన భాగ్యమే. కాని ఆయువులో సగము జమాఖర్చులు వ్రాయుటతోనే గడపినవానికి ఏ పుస్తకము తెఱచినను చూపు అంకెల మీదికే పోవును. మొన్న మన కార్యవర్గము కూడి, రాబోవు ఉగాదిలోగా గ్రంథాలయ సభ్యసంఖ్యను రెట్టింపు చేయవలెనని తీర్మానించినది. తీర్మానము ఏకగ్రీవముగ నామోదింపబడినది. నేనును చేయెత్తితిని. ఇంటికి వచ్చి, సభ్యుల పట్టీని ముందర పెట్టుకొని కూర్చున్న పిదప, ఇట్టి సంకల్పమును మన పెద్ద లింతకుముందు ఎప్పుడెప్పుడు చేసిరి, ఎట్లు నెఱవేర్చిరి, ఎచట తడబడిరి యను ప్రశ్న నన్ను వదలినది కాదు. వెదకగా దొరకిన దానిని చదువరుల ముందుంచుచున్నాను.

ముందుగా లెక్కగాని మాట యొకటి చెప్పనిండు. సభ్యులు రెండు విధములు. కొందరు కాగితము మీదివారు, కొందరు అరుగు మీదివారు. కాగితము మీద పేరుండి సంవత్సరమునకొకసారియైనను గడప తొక్కనివాడు వసూలు కాని బాకీ వంటివాడు. అట్టి బాకీని ఆస్తి క్రింద చూపి సంతోషించు వర్తకుడు ఎంతకాలము నిలుచునో వర్తకు లెఱుగుదురు. ఈ భేదమును మనస్సునందుంచుకొని యీ చరిత్రను చూడవలయును.

మన ప్రాంతమున ఈ కథ 1901వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదులో మొదలైనది. నాడు నిజాం రాజ్య ప్రజలలో దాదాపు సగముమంది తెలుగు మాటలాడువారే యైనను కచేరీలో ఉర్దూ, పై చదువులో ఉర్దూ, పెద్దమనుష్యుల గోష్ఠిలో ఉర్దూ. తెలుగు ఇంటి నాలుగు గోడల నడుమ బ్రదుకుచుండెను. అట్టి కాలమున కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావుగారు, మునగాల రాజాగారైన నాయని వేంకటరంగారావుగారు, రావిచెట్టు రంగారావుగారు మొదలగువారు పూనుకొని శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయమును స్థాపించిరి. రంగారావుగారి యింటనే దానికి తొలి తావు దొరకినది. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్రభాషానిలయమును, 1905లో సికింద్రాబాదులో ఆంధ్రసంవర్ధనీ గ్రంథాలయమును వెలసినవి. పేరుల నొకసారి గమనింపుడు. రాజరాజనరేంద్రుడు నన్నయభట్టు చేత భారతము చెప్పించినవాడు. రాయలు మనుచరిత్రమునకు కృతిపతి. రాజులను వారి యుద్ధములకై గాక వారు వినిన పుస్తకములకై తలచుకొనుట ఆ స్థాపకుల యభిప్రాయమై యుండును.

ఈ నిలయములవారు ఇన్నివందల సభ్యులను చేర్చెదమని ప్రతిజ్ఞ చేసినట్లు నాకెచటను కనబడలేదు. వారు చేసిన పని చిన్నది. తెలిసినవాడు తెలిసినవానిని వెంటబెట్టుకొని వచ్చెడివాడు. అంకెను ముందు పెట్టుకొని పనిచేయుట యను పద్ధతి, నాకు తోచినంతవరకు, 1906లో లక్ష్మణరావుగారు మిత్రులతో గూడి హైదరాబాదులో నెలకొల్పిన విజ్ఞానచంద్రికా మండలితో వచ్చినది. ఆ మండలి చరిత్రలు, శాస్త్రములు, మహనీయుల జీవితములు తెలుగున ప్రకటింప సంకల్పించినది. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు వ్రాసిన అబ్రహాము లింకను చరిత్రము 1907లో దాని మొదటి పుస్తకముగ వెలువడినది. పుస్తక మచ్చు వేయుటకు సొమ్ము కావలెను. జమీందారు దయకై కాచుకొనుట మన సాహిత్యమున వేయేండ్ల నాటి దారి. మండలి మఱియొక దారి త్రొక్కినది. చందాదారులు చేరవలెను, వారి చందాయే పుస్తకమగును. అనగా కృతిపతి స్థానమున ఊరూర నున్న సామాన్య పాఠకుడు వచ్చి కూర్చున్నాడన్నమాట. 1908లో మండలి మదరాసునకు తరలిపోయినది గాని ఆ పద్ధతి మన నేలపై మొలకెత్తినదే. చందాదారుడు చేరినచో వానికి పుస్తక మందును. పుస్తకము నచ్చినచో వాడే మఱియొకని చేర్చును. పుస్తకము నచ్చనిచో ఏ ప్రచారకుడు వచ్చినను వాడు నిలువడు. ఈ సంగతి యెంత తేటతెల్లమో అంత సులభముగ మరచిపోబడుచున్నది.

సర్కారు జిల్లాలలో 1914 ఏప్రిలులో బెజవాడయందు అయ్యంకి వేంకటరమణయ్యగారి పూనికతో చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి యధ్యక్షతన ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగినది. అచట ప్రభుత్వ మూరకుండెను. ఇచట ప్రభుత్వ మూరకుండలేదు. ఆ తేడాను తలచుకొనకుండ తెలంగాణపు అంకెలను వారి యంకెలతో పోల్చుట న్యాయము గాదు.

1921 నవంబరు 12వ తేదీ సంగతి పెక్కురెఱిగినదే. హైదరాబాదు వివేకవర్ధనీ నాటకశాలలో మహర్షి కార్వేగారి యధ్యక్షతన సంఘసంస్కార సభ జరుగుచుండగా, ఆల్లంపల్లి వేంకటరామారావుగారను వకీలు తెలుగున మాటలాడ నారంభించెను. సభలోనివారు కొందరు గేలిచేసి ఆయనను మాటలాడనీయరైరి. ఉర్దూను మరాఠీని ఇంగ్లీషును వినిన చెవులు తెలుగును వినలేకపోయినవి. ఆ రాత్రియే టేకుమాల రంగారావుగారి యింట కొందరు కూడిరి. వారి సంఖ్య పండ్రెండునకు మించలేదు. ఆంధ్ర జనసంఘ మచటనే పుట్టినది. మాడపాటి హనుమంతరావుగారు దాని భారమును తలకెత్తుకొనిరి.

పండ్రెండుమందికి లోపు. మన కార్యవర్గములో నున్నవారి సంఖ్యయు నించుమించు అంతియే గదా యని నేను నాలో ననుకొంటిని. అయితే ఆ కూడినవారు ఏమి చేసిరి? మేమెందరము కావలెనని గాక, మేమేమి చేయవలెనని మొదట వ్రాసికొనిరి. గ్రంథాలయములు, పఠనమందిరములు, పాఠశాలలు స్థాపించుట, శాసనములను తాళపత్రములను సేకరించుట, చిన్న పుస్తకములు ప్రకటించుట వారి పనులు. 1923లో ఊరూర పుట్టిన ఇట్టి సంఘములన్నిటికి కేంద్రసంఘ మేర్పడినది. వెట్టిచాకిరిని గూర్చి, వర్తక స్వాతంత్ర్యమును గూర్చి కేంద్రసంఘమువారు ప్రకటించిన చిన్న పుస్తకములు నేటి పుస్తకశాలలలోని లావుపాటి సంపుటముల కంటె నెక్కువ పని చేసినవి. వెట్టిచేయువానికి సర్కారు కాయిదాలో నేమున్నదో తెలిపినవి. కోమటికి తన సరుకును ఏ అధికారి ఏ ధరకు తీసికొనవచ్చునో, ఏది అక్రమమో తెలిపినవి. చదువు వచ్చినవాడు చదివి వినిపించెడివాడు, రానివాడు వినెడివాడు. సభ్యత్వమునకు కారణ మేర్పడినది.

ఇచట నొక సంగతి దాచక చెప్పవలెను. ఆ కాలపు పల్లెలో పేరు వ్రాయించుకొనుట యనగా భయపడవలసిన పని. దొరగారి గడీలో, పటేలు చావడిలో, పట్వారి దస్తరములో పేరెక్కినవానికి మంచి జరుగునని యెవడును నమ్మెడివాడు కాడు. పేరెక్కినచో పన్ను వచ్చును, వెట్టి వచ్చును, లేక సాక్ష్యమునకు పిలుపు వచ్చును. పట్వారీల లెక్క యెట్టిదో నా వృత్తి పూర్వులను గూర్చి నేనే చెప్పుకొనుట బాగుగా నుండదు. ఆ వంశపారంపర్యపు కొలువులు 1984లో రద్దైనప్పుడు ఊరిలో నెవడును కంటతడి పెట్టలేదన్నచో చాలును. అట్టి ఊరిలో ఒక పాలేరు వచ్చి, ‘నా పేరు గూడ వ్రాసికొనుడు’ అని గ్రంథాలయపు పట్టీలో వ్రేలిముద్ర వేసెనన్నచో దాని వెల రూపాయలలో కట్టజాలము. అంతకు తోడు సభ జరుపవలెనన్న ముందుగా సర్కారు అనుమతి పొందవలెనను గస్తీ నిశాన్ 53 ఒకటి. గ్రంథాలయములను సైతము అధికారు లనుమానముతోనే చూచిరి.

ఇన్ని యడ్డంకుల నడుమను కేంద్రసంఘమువారు 1925లో మధిరయందు మొదటి గ్రంథాలయ మహాసభను, 1928లో సూర్యాపేటయందు రెండవదానిని జరిపిరి. సభ యొక చోట జరుగుటచే చుట్టుప్రక్కల పల్లెలకు ఉత్సాహము వచ్చుట, అచటివారు తమ యూరికిపోయి యొక బీరువాతో పఠనమందిరము తెఱచుట, మఱుసటి సభకు వారు ప్రతినిధులై వచ్చుట, ఇట్లు సంఖ్య పెరిగినది. పెంచవలెనను నాదేశముచే గాక సభను తిప్పుటచే పెరిగినదని గ్రహింపవలెను. ఒకే పట్టణమున నేటేట జరిపి యుండినచో ఆ పట్టణమువారు మాత్రమే యెఱిగి యుందురు.

లోకమందు మఱియొకచోట గూడ ఇట్టిది జరిగినది. 1905లో అమెరికాలోని షికాగో నగరమున పాల్ హారిస్ అను న్యాయవాది మువ్వురు మిత్రులతో కలిసి యొక సంఘము పెట్టెను. నేడొకరి కార్యాలయమున, మఱుసారి మఱియొకరి కార్యాలయమున కూడుచుండుటచే దానికి రోటరీ యను పేరు వచ్చినది; తిరుగునదని యర్థము. వారి తొలి నియమములలో నొకటి నన్ను మిక్కిలి యాకర్షించినది. ఒక్కొక్క వృత్తి నుండి యొక్కొక్కరిని చేర్చుకొనుట. పదిమంది వకీళ్లు చేరినచో అది వకీళ్ల సంఘమగును. వకీలు, వైద్యుడు, బొగ్గు వర్తకుడు, దర్జీ కలిసినచో అది ఊరగును. మూడేండ్లకు, అనగా 1908లో, సాన్ ఫ్రాన్సిస్కోలో రెండవ సంఘ మేర్పడినది. 1910 నాటికి పదునారు సంఘములైనవి. ఇది చదివిన పిదప నేను మన పట్టీని వృత్తుల వారీగా మఱల వ్రాసి చూచితిని. ఉపాధ్యాయులు, విద్యార్థులు, ఉద్యోగ విరమణ చేసినవారు కావలసినంతమంది యున్నారు. పద్మశాలివా రున్నారు. గీతకార్మికులలో నొకరిద్దరు. చాకలి, మంగలి వృత్తులవారు లేరు. బీడీలు చుట్టు స్త్రీలలో నొక్కరును లేరు. ఇరువదియైదేండ్లుగా పట్టీని వ్రాయుచున్న నాకు ఈ సంగతి ఒక్క పూటలో తెలిసినది. అంతవరకు తెలియక పోవుట నా తప్పు.

సిరిసిల్ల మాట రాక తప్పదు. 1930లో జోగిపేటయందు సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతన నిజాం రాష్ట్రాంధ్ర మహాసభ మొదటిసారి సమావేశమైనది. 1931లో దేవరకొండ, అధ్యక్షులు బూర్గుల రామకృష్ణారావుగారు. అనుమతుల చిక్కుల నడుమ మూడవ సభకు 1934 వఱకు ఆగవలసి వచ్చినది; అది ఖమ్మములో పులిజాల వేంకటరంగారావుగారి యధ్యక్షతన జరిగినది. నాల్గవది 1935లో మన సిరిసిల్లలో. అధ్యక్షులు మాడపాటి హనుమంతరావుగారే. పదునాలుగేండ్ల క్రితము ఒక యింటిలో పండ్రెండుమందికి లోపు కూడిన రాత్రి నుండి ఆ సంఘమును మోసినవారు మానేటి యొడ్డున నేతగాండ్ర యూరికి అధ్యక్షులై వచ్చిరి. ఆంధ్ర మహిళాసభ గూడ అచటనే జరిగినది. దానికి మాడపాటి మాణిక్యాంబగారు అధ్యక్షురాలు. మొదటి నుండియు పురుషుల సభ జరిగినచోటనే స్త్రీల సభయు జరుపుట వీరి యాచారము. సభ్యసంఖ్యను రెట్టింపు చేయుట యెట్లని నేడు తల పట్టుకొనువారు ఆలోచింపవలసిన సంగతి యిది. ఊరిలో సగముమందిని విడిచిపెట్టి రెట్టింపునకై వెదకుచున్నాము.

అదే 1935లో కృష్ణకు దక్షిణమున, గుంటూరు జిల్లాలో పాతూరి నాగభూషణముగారు పడవ మీద గ్రంథాలయమును పెట్టి కాలువ వెంబడి పెదవడ్లపూడి, కొల్లూరు ప్రాంతపు ఊళ్లకు పుస్తకములు పంపించిరి. పాఠకుడు రానిచో గ్రంథాలయమే పోవలెనను నాలోచన. దీనిని మఱల తలచుకొనవలసిన యవసరము వ్యాసాంతమున వచ్చును.

ప్రతాపరెడ్డిగారి పేరు వచ్చినది గనుక వారి లెక్కను గూర్చి గూడ చెప్పెదను. వారు 1926లో గోలకొండ పత్రికను స్థాపించిరి. తెలంగాణమున కవులు లేరని యొకరు వ్రాసిరట. దానికి వారు కోపముతో నాలుగు వ్యాసములు వ్రాసి యూరకుండవచ్చును. వారు అట్లు చేయలేదు. కవుల పేరులు, పద్యములు పంపుడని జిల్లాల నుండి సేకరించి 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. అందు 354 మంది కవులున్నారు. ఇంతకంటె గొప్ప సభ్యుల పట్టీని నేనెఱుగను. ఎవడును చందా కట్టలేదు, ఎవడును రశీదు పొందలేదు. పిలిచిన తోడనే పలికిరి. వారు అంతవఱకు లేనివారు కారు; అడుగబడనివారు. సభ్యులు దొరకుట లేదని చెప్పునప్పుడెల్ల ఈ 354 అను నంకెను తలచుకొనుట నాకలవాటైనది.

1938లో వట్టికోట ఆళ్వారుస్వామిగారు దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించిరి. ఒకప్పుడు ఇతరుల యిండ్లలో వంటచేసి బ్రదికినవారు. తామే చదువు నేర్చుకొనినవారు. పుస్తకముల మూటను తామే మోసికొని ఊరూర తిరిగి అమ్మిరి. గ్రంథమాలలు నడుపుట శ్రీమంతులకు, పండితులకు చెల్లునను తలంపును ఆయన భుజము మీది మూట తుడిచివేసినది. ఆంధ్ర సారస్వత పరిషత్తు 1943లో పుట్టి పరీక్షల ద్వారమున తెలుగు చదువరులను తయారుచేసినది. దాని నింతకంటె విస్తరింపను.

మహాసభ కథకు మఱల వత్తము. 1941లో చిలుకూరున, 1944లో భువనగిరియందు రావి నారాయణరెడ్డిగారు అధ్యక్షులైరి. భువనగిరిలో సభ్యత్వపు రుసుము తగ్గింపబడినది. వకీళ్లకును వర్తకులకును అందిన సభ్యత్వము కూలివాని చేతికందినది. సభ్యులు తండోపతండములుగ చేరిరి. పల్లెజనము దానిని పూర్తి పేరుతో పిలుచుట మాని ‘సంఘము’ అనిరి. ఆ మాట యెచటికి పోయినదో, ఏయే గడీల తలుపులు తట్టినదో వేఱుగ చెప్పనక్కఱలేదు. కాని లెక్కకు రెండు వైపులుండును. మితవాదులగు పెద్దలు భువనగిరి పిదప వేఱుపడిరి. మహాసభ రెండుగ చీలినది. కొందరు దీనిని చూపి, ఎక్కువమందిని చేర్చుకొనుటచేతనే సంఘము చెడినదందురు. నా యభిప్రాయ మది గాదు. క్రొత్తవారు వచ్చినచో సంఘము తన పనిని మార్చుకొనవలసి వచ్చును. మార్చుకొనుట కిష్టము లేనివాడు సభ్యులను పెంచెదనని తీర్మానము చేయరాదు. బీడీలు చుట్టు స్త్రీ మన సభ్యురాలైన నాడు సాయంకాలము ఆరు గంటలకు మూయు తలుపు ఎనిమిది వఱకు తెఱచి యుంచవలెనని యడుగును. అప్పుడు మనము కోపగించుకొనరాదు.

సంఖ్య పెంచిన కథలలో నాకు మిక్కిలి నచ్చినది మన దేశపుది కాదు. సిరిసిల్లవారికి తప్పక నచ్చును, ఏలయన అందును నేతగాండ్రే ముఖ్యులు. ఇంగ్లండులో రాచ్‌డేల్ అను పట్టణమున కూలి చాలక బాధపడుచున్న 28 మంది, వారములకొలది పెన్నీలు కూడబెట్టి, 28 పౌనులు చేర్చి, 1844 డిసెంబరు 21వ తేదీ సాయంకాలమున చిన్న యంగడి తెఱచిరి. అందు పిండి, వెన్న, చక్కెర, క్రొవ్వొత్తులు వంటి నాలుగు సరుకులు తప్ప లేవు. మఱుసటి యేటి చివరకు సభ్యులు 74 మంది. 1850 నాటికి 600. వారు కల్తీలేని సరుకును సరియైన తూకముతో నమ్మిరి. ఏటి చివర లాభమును కొనుగోలు ననుసరించి సభ్యులకే పంచిరి. మఱియొక విశేషము. లాభములో నూటికి రెండున్నర వంతు విద్యకై ప్రక్కకు తీసి, అంగడికి తోడు పఠనమందిరమును గ్రంథాలయమును నడిపిరి. పిండి అమ్మిన నేతగాండ్రు పుస్తకములు కొనిరి. సహకార సంఘపు లెక్కలు చూచువారెవరైన నీ వాక్యమును రెండవసారి చదువగోరుదును.

సహకారమన్న మన తాలూకాయే ఉదాహరణము. 1970లో సిరిసిల్లలో విద్యుత్ సరఫరా సహకార సంఘ మేర్పడినది. దీపము కావలసినవాడు వాటా కొని సభ్యుడైనాడు. ఆ సంఘమునకు సభ్యులను చేర్చు ప్రచారకు లక్కఱలేకపోయిరి. తీగ ఎంతదూరము పోయినదో సభ్యత్వ మంతదూరము పోయినది. మనకట్టి తీగ లేదు. గ్రంథాలయములకు శాసన మున్నది. హైదరాబాదు రాష్ట్రమున 1955లోను, ఆంధ్రప్రదేశమున 1960లోను చట్టములు వచ్చినవి. ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయపు పన్నును మనము చెల్లించుచున్నాము. అనగా ఊరిలో ప్రతి గృహస్థుడు తనకు తెలియకయే గ్రంథాలయమునకు చందా కట్టుచున్నాడు. ఆ సంగతి వానికి చెప్పినచో, ‘అయితే నా పుస్తక మేది?’ అని యడుగును. అడుగవలెను.

ఇక నా తప్పిదమును గూడ లెక్కలో చూపక తప్పదు. కొన్ని యేండ్ల క్రితము గూడ ఇట్టి తీర్మానమే జరిగినది. గడువు దగ్గఱపడినది, అంకె చేరలేదు. ఒక దాత వచ్చి, ‘మిగిలినవారి రుసుమును నేను కట్టెదను, పేరులు మీరు వ్రాసికొనుడు’ అన్నాడు. నేను ఓటర్ల జాబితాను ముందు పెట్టుకొని ముప్పదికి పైగా పేరులను, వారినడుగకయే, పట్టీ కెక్కించితిని. రశీదులు కోసితిని. సభలో అంకెను చదివినప్పుడు చప్పట్లు మ్రోగినవి. మఱుసటి యేడు ఆ ముప్పదిమందిలో నొక్కడును రుసుము కట్టలేదు. తాము సభ్యులమని తెలిసిననాడు గదా కట్టుట! అందొకడు, మా వీధివాడే, సంగతి తెలిసి నన్ను బజారులో నిలవేసి, ‘నన్నడుగకుండ నా పేరెందుకు వ్రాసితివి పంతులూ?’ అనెను. పూర్వము పట్వారి దస్తరమునకు జడిసినవాని గొంతు నాకు వానియందు వినబడినది. నేను సమాధానము చెప్పలేకపోయితిని. మఱుసటి వారము వానిని తోడుకొనివచ్చి పుస్తకములు చూపితిని. వాడు ట్రాక్టరు మరమ్మతు పుస్తకమున్నదా యని యడిగెను. లేదు. తెప్పించితిమి. నేడు వాడు అరుగు మీది సభ్యుడు.

ఈసారి రెట్టింపు సంకల్పమునకు ముందు పట్టీని సరిచూడవలెనని నేను కార్యవర్గమువారిని కోరితిని. సరిచూడగా రెండు చిక్కులు వచ్చినవి. ఒకటి దుబాయి, మస్కటు, భివండి, సూరతు. పేరున్నది, మనిషి లేడు, రెండేండ్లకొకసారి వచ్చును. రెండవది మధ్యమానేరు. జలాశయము క్రింద కొదురుపాక, నీలోజిపల్లి, వరదవెల్లి మొదలగు ఊళ్లు మునిగినవి. ఆ యూళ్ల నుండి సైకిలు మీద వచ్చి పుస్తకము తీసికొనిపోయినవారు నేడు పునరావాస కాలనీలలో చెల్లాచెదరుగ నున్నారు. కొందరి యొద్ద మన పుస్తకములు గూడ ఉండిపోయినవి. ఇల్లు విడిచినపుడు మూటలో కట్టుకొనిరో, నీటి క్రిందనే యున్నవో తెలియదు. ఈ పేరులను కొట్టివేయవలెనని కార్యవర్గములో కొందరి వాదము. కొట్టివేసినచో అంకె తగ్గును, రెట్టింపు కష్టమగును. ఉంచినచో మఱల కాగితపు సభ్యులే యగుదురు. ఇరు పక్షములవారును అంకెను గూర్చియే వాదించిరి. నేను మూడవ మాట చెప్పితిని. ఊరు మునిగినవాని పేరును గూడ ముంచుటకు నా కలము రాదు.

అందుచేత ఇట్లు నిర్ణయించితిమి. క్రొత్త పట్టీ తెఱచితిమి. అందు పేరు, వృత్తి, వీధి యను గడులతోపాటు, ‘కడపటిసారి తీసికొనిన పుస్తకము’ అను గడి యున్నది. అది ఖాళీగా నున్నవాడు లెక్కలోనికి రాడు. ముంపు గ్రామముల సభ్యులకు ప్రత్యేకముగ కొన్ని పుటలు విడిచితిమి. ప్రతి రెండవ ఆదివారము పుస్తకముల పెట్టె ఆటో మీద కాలనీలకు పోవును; నాగభూషణముగారి పడవను తలచుకొనియే యీ యేర్పాటు చేసితిమి. జలాశయము నిండినప్పుడు వరదవెల్లి దత్తాత్రేయస్వామి గుడికి పడవ మీదనే పోవలసి యున్నది గనుక, జయంతి నాడు ఆ పడవలో గూడ ఒక పెట్టె యుంచవలెనని మా సహాయ గ్రంథపాలకుడు పట్టుబట్టినాడు. నీటి మీద పుస్తకము తడియునని నేను సందేహించితిని. అట్టలకు ప్లాస్టిక్కు కాగితము చుట్టెదనన్నాడు. పరదేశములందున్నవారి పేరులకు ఎదుట వారి తల్లియో భార్యయో సమ్మతించినచో ఆమె పేరు వ్రాయబడును. బీడీ కార్మిక స్త్రీల వాడలో నెవరింట కూడవలెనో వారే చెప్పవలెనని కబురంపితిమి; మంగళవారము రమ్మని సమాధానము వచ్చినది.

రెట్టింపు అంకె గోడ మీద వ్రాయబడలేదు. ఉగాది నాటికి ఎంత వచ్చునో అంతయే చదువబడును. ముంపు గ్రామములవారు తమ పాత రశీదును తెచ్చినచో పాత సంఖ్యయే యుంచబడును. రశీదు పోయినవారు ఊరి పేరు చెప్పిన చాలును. వారి యొద్ద నున్న పుస్తకములకు ఆలస్య రుసుము వసూలు చేయబడదు.